అవ్వకు చేరని మిగతా మాటలు

ధాత సంవత్సరంలో మొదలైన కరువు ఈశ్వరలో కూడా వదలలేదు. ఆ తరువాత వచ్చిన ఏటి పేరు బహుధాన్య. ఆ పేరు విని నవ్వుకొనే ఓపిక కూడా మాలో చాలామందికి లేదు గాని, వానలు పడ్డాయి, గడ్డి మొలిచింది, మనుషులు పొద్దున్నే లేచి మళ్ళీ పొలం వైపు చూడడం మొదలుపెట్టారు. ఆ ఏడు ఎండాకాలంలో నేను ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే బాట పక్కన ఒక దొర డేరాల్లో దుబాసీగా ఉన్నాను. గండ్లు పడ్డ చెరువు కట్టలను గొలుసుతో కొలిచి కాగితం మీద గీయడం ఆయన పని. ఆయన మాట జనానికి, జనం మాట ఆయనకు చెప్పడం నా పని.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మా నాయన ఉదయగిరిలో వెట్టివాడు. ఊరికి వచ్చిన అధికారుల మూటలు నెత్తిన పెట్టుకొని వాళ్ళ గుర్రాల ముందు నడిచేవాడు. ఆయనకు ఎవరూ ఎప్పుడూ "కాస్త" అనే మాట చేర్చి పని చెప్పలేదు. "ఒరే, ఎత్తు" అంటే ఎత్తేవాడు, "ఒరే, దించు" అంటే దించేవాడు. నన్ను మాత్రం పాదిరీలు నెల్లూరికి తీసుకుపోయి బడిలో వేశారు. ఆరేళ్ళు చదివాను. బైబిలు, వ్యాకరణం, భూగోళం ఇంగ్లీషులోనే వచ్చు. ఇంగ్లాండులో ఏ నది ఏ ఊరి పక్కన పారుతుందో చూడకుండా చెప్పేవాణ్ణి. ఒక మనిషి ఇంకొక మనిషిని ఆ భాషలో "కూర్చుంటారా" అని ఎట్లా అడుగుతాడో మాత్రం నాకు తెలియదు. తెలియదని కూడా తెలియదు.

అది మొదటి రోజే బయటపడింది. దొర తన బల్ల ముందు కూర్చొని, నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా ఏదో అన్నాడు. "ఐ వండర్ ఇఫ్ యు వుడ్ బి సో గుడ్" అని మొదలైంది. నేను మంచివాణ్ణవుతానా లేదా అని ఆయన ఆశ్చర్యపోతున్నాడేమో అనుకున్నాను. ఆ వాక్యం చివర ఇంకేదో గొప్ప సంగతి వస్తుందని ఎదురుచూస్తూ "యెస్, సార్" అన్నాను. అని, నిలబడ్డాను. ఆయన కొంతసేపు చూసి, తనే లేచి, గాలికి కొట్టుకుంటున్న డేరా గుడ్డను కట్టుకొని వచ్చి కూర్చున్నాడు. ఆయన అడిగింది అదే. అప్పుడైనా "నాకు అర్థం కాలేదు" అని ఉండవలసింది. అనలేదు. ఆ మాట అనకుండా ఉండడానికి నేను ఆ వేసవి అంతా పడిన కష్టంలో సగం పడినా, ఆ భాష వచ్చి ఉండేది.

అందుకు బదులు ఒక ఉపాయం కనిపెట్టాను. దొర ఎంత పొడుగ్గా మాట్లాడినా అందులో ఒక వస్తువు పేరు, ఒక పని పేరు ఉంటాయి. ఆ రెండూ దొరకబుచ్చుకుంటే చాలు. "గొలుసు, తేవడం." "గుర్రం, కట్టడం." మిగిలినదంతా చేటలో పొట్టు లాంటిదనుకొని ఊదేసేవాణ్ణి. పనులు జరిగిపోతుండేవి. జనం నన్ను చూసి లేచి నిలబడేవారు. నాకు ఇంగ్లీషు వచ్చుననే నేననుకున్నాను.

డేరాలకు నీళ్ళు కావలసి వచ్చాయి. ఊళ్ళో మంచి బావి ఉంది గాని, డేరాలోని వంటవాణ్ణి, నన్ను ఆ బావి దగ్గరికి రానివ్వరు. చెరువు కట్టకు పోయే దారిలో, ఊరి బయట మాబోటివాళ్ళుండే పాలెం చివర, ఒక ముసలమ్మ చేనులో దిగుడు బావి ఉంది. ఆమె పెనిమిటి తవ్విన బావి. తవ్వినవాడు ఈశ్వరలోనే పోయాడు. దొర మొదటి రోజు ఆ బావి దగ్గర ఆగి, టోపీ తీసి చేతిలో పట్టుకొని, ఆమె ముఖంలోకి చూస్తూ ఇంత పొడుగు మాట్లాడాడు. నేను "నీళ్ళు" పట్టుకున్నాను. "ఇవ్వడం" పట్టుకున్నాను.

"ఏమే ముసలిదానా, దొరకి నీళ్ళు కావాల. దినానికి పది కడవలు. మనుషులొచ్చి ముంచుకుంటారు, అడ్డం పడమాక" అన్నాను.

"నేనేడ అడ్డం పడేది సామీ. ముంచుకోండి" అందామె.

దొరతో "ఆమెకు ఇష్టమే" అన్నాను. ఆయన మళ్ళీ ఆమెతో ఏదో అని, తల వంచి, టోపీ పెట్టుకొని కట్ట వైపు నడిచాడు. ఆ రెండోసారి అన్నది నేను ఆమెకు చెప్పనే లేదు. అందులో వస్తువు లేదు, పని లేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆయన మర్నాడు కూడా ఆగాడు. ఆ మర్నాడూ ఆగాడు. రోజూ టోపీ తీయడం, రోజూ అంత పొడుగూ మాట్లాడడం. రోజూ నేను "నీళ్ళు కావాల" అనడం, ఆమె "ముంచుకోండి సామీ" అనడం. ఒకసారి అడిగినదాన్ని రోజూ ఎందుకు అడుగుతాడో నాకు తోచలేదు. ఎవరినీ అడగనూ లేదు.

పది రోజులు గడిచాక, దొర కట్ట వైపు పోయిన తరువాత, ముసలమ్మ చంకలో కడవతో నా ముందు నిలబడింది.

"సామీ, ఒక మాట అడగతా, కోప్పడమాక. ఆయన బారెడు మాట్లాడతాడు. నువ్వు బెత్తెడు చెప్తావు. మిగతాది యాడికి పోతుండాది?"

నీళ్ళు ముంచుతున్న మనుషులు నవ్వారు.

"మిగతాది వట్టి మాటలే. దొరలు అట్టనే మాట్లాడతారు. నీకెందుకు?"

"వట్టివో గట్టివో, నా మొకం చూసి చెప్పినాడు గదా సామీ. నావే గదా అయ్యి?"

నేను ముఖం తిప్పుకొని నడిచాను. ఆ మాట మాత్రం డేరా దాకా నా వెంట వచ్చింది.

డేరాలో వంటవాడు మద్రాసు మనిషి. యాభై ఏళ్ళవాడు. ముప్పై ఏళ్ళుగా దొరల దగ్గరే వంట చేస్తున్నాడు. అక్షరం రాదు. అతని ఇంగ్లీషు విని నేను లోలోపల నవ్వుకొనేవాణ్ణి. ఆ మధ్యాహ్నం పొయ్యి దగ్గరికి పోయి, చేతులు వెనక్కి కట్టుకొని, దొర బావి దగ్గర అనే మాటలు నాకు గుర్తున్నంతవరకు అప్పజెప్పి, "దీనికి అర్థం నీకు తెలుసునా?" అన్నాను.

అతను గరిటె ఆపి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "తెలియక వచ్చినావు దుబాసయ్యా. పరీక్ష పెట్టే అయ్యవారి మాదిరి నిలబడినావు. కూర్చో."

కూర్చున్నాను.

"'కూర తే' అన్నా నేను తెస్తాను. 'ఇఫ్ యు ప్లీజ్' అని చేర్చినా తెస్తాను. కూర ఒకటే. కాని రెండోదాంట్లో ఆయన తలుపు తీసిపెట్టి అడుగుతాడు. 'లేదు సార్, మాడిపోయింది' అని నేను ఆ తలుపులో నుంచి బయటికి పోవచ్చు. మొదటిదాంట్లో తలుపు లేదు. గోడే."

"మరి ఆ ముసలమ్మను ఏమని అడుగుతుండాడు?"

"దుబాసీ నువ్వా, నేనా?" అని నవ్వి, మళ్ళీ తనే చెప్పాడు. "'ఇఫ్ షి కెన్ స్పేర్ ఇట్' అంటే, ఆమె వాడుకోగా మిగిలితేనే అని. మిగలకపోతే వద్దని. రోజూ ఎందుకు అడుగుతాడనుకున్నావు? నిన్న మిగిలింది ఈరోజు మిగలకపోవచ్చు గదా. చివర టోపీ ఎత్తి చెప్పేది, నీ మేలు మరవను అని."

ఇక్కడిదాకా నాది తెలియనితనం. దాన్ని దేవుడూ మనుషులూ క్షమించగలరు. ఇక్కడి నుంచి చేసింది తెలిసి చేసింది. మర్నాడు దొర టోపీ తీసి అడిగినప్పుడు ప్రతి మాటా నాకు అర్థమైంది. అయినా "నీళ్ళు కావాల" అనే అన్నాను. దొర అంతటివాడు ఒక పాలెం ముసలమ్మను బతిమాలినట్టు అడగడమేమిటి అనిపించింది. ఆ మాటలు నా నోటితో అంటే, అడుక్కునేది నేనే అయినట్టుంటుంది. మా నాయనను "ఒరే" అన్న గొంతు నాకు దొరికింది. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. ఈ సంగతి రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అప్పుడు మాత్రం అరక్షణంలో చేశాను.

ఇంకో పన్నెండు రోజులు అట్లాగే నడిచింది.

ఒక ఉదయం దొర కొలత గీత ముసలమ్మ చేను అంచున పోయింది. అక్కడ నాలుగు మంచాలంత నారుమడి ఉంది. రాగి నారు. కట్ట వైపున్న సగం పచ్చగా ఉంది, మిగిలిన సగం తాటాకు రంగుకు వచ్చి నేల మీద పడిపోయింది. దొర గొలుసు ఆపించి, వంగి, ఒక మొలకను వేళ్ళతో ఎత్తి చూశాడు. ఎందుకిట్లా అయిందో ఆమెను అడగమన్నాడు.

"నారెందుకు ఎండింది?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. "బాయిలో పొద్దుటికి పదహైదు కడవల ఊట. పది నువ్వు తీసకపోతుండావు. తాగను రెండు. మిగిలింది ఆ సగానికే వస్తుండాది. ఆ ఇత్తనం రెండేండ్లు కుండలో పెట్టి, మూతికి మట్టి మెత్తి దాచినా సామీ. ఆయన పోయేటప్పుడు గూడా బలుసాకే పెట్టినా గాని ఆ మూత తియ్యలా. ఇంక నాకాడ గింజ లేదు."

దొర నా వైపు తిరిగి, చెప్పమన్నట్టు నిలబడ్డాడు.

"ఎండల వల్ల, సార్" అన్నాను.

ఆయన నమ్మాడు. నమ్మి, టోపీ తీసి, ఆమెతో చాలా బాధగా రెండు మాటలన్నాడు. ఆమె అర్థం కోసం నా నోటి వైపు చూసింది. నేను గొలుసు మడిచేవాణ్ణి కేకేశాను.

మధ్యాహ్నం వంటవాడు నా ముందు అన్నం తట్ట పెట్టాడు. నేను ముట్టలేదు. నీళ్ళకు పోయినవాళ్ళు అతనికి అంతా చెప్పేశారు.

"ఎండ అని చెప్పినావంట. ఎండ ఈ ఏడే కొత్తగా వచ్చిందా దుబాసయ్యా?"

అతను తట్ట తీయనూ లేదు, ఇంకో మాట అననూ లేదు. అదే ఎక్కువైంది నాకు. పచ్చగా ఉన్న సగం కూడా ఇంకో నాలుగు రోజులకంటే నిలవదని మా ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం దొర టీ తాగే వేళకు లోపలికి పోయాను. తప్పు ఒప్పుకోవడానికి నాకు తెలిసిన ఇంగ్లీషు బైబిలులోది ఒక్కటే. ఇంట్లో, వీధిలో, ఒకరితో ఒకరు తప్పైందని ఎట్లా చెప్పుకుంటారో నాకు ఎవరూ నేర్పలేదు. కాబట్టి దావీదు రాజు దేవునితో చెప్పుకున్నట్టే, నేను పాపం చేశానని, నా దోషం ఎల్లప్పుడూ నా ఎదుటనే ఉందని దొరతో చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందా అని అడిగాడు. నారుకు వచ్చింది అన్నాను.

తరువాత అంతా చెప్పాను. చేటలో పొట్టులా నేను ఊదేసిన మాటల గురించి, తెలిసిన తరువాత కూడా ఊదేసినదాని గురించి, ఎండ గురించి. ఆయన ముఖం ఎర్రబడింది. పని పోయిందనుకున్నాను. పోవలసిందే అనుకున్నాను కూడా. చివరకు ఆయన ఒక్కటే అడిగాడు, అర్థం కానప్పుడు అర్థం కాలేదని ఎందుకు చెప్పలేదని. సిగ్గుపడ్డాను అన్నాను. ఆ మాట ఆదికాండంలో ఉంది కాబట్టి నాకు తెలుసు.

ఆయన కిటికీ గుడ్డ వైపు చూస్తూ, ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది తను ఎవరేమన్నా తెలుగులో "అవును, అవును" అని తల ఊపేవాణ్ణని చెప్పాడు. దేనికి ఒప్పుకున్నాడో చాలాసార్లు తరువాత గాని తెలిసేది కాదట. నవ్వుతూ చెప్పలేదు. తరువాత, ఇప్పుడు తనకు చెప్పినదంతా నేను ఆమెకు కూడా చెప్పాలి అన్నాడు. "ఇఫ్ యు విల్ బి సో గుడ్" అని చేర్చాడు.

మొదటి రోజు నన్ను తికమక పెట్టిన మాటే అది. ఆజ్ఞాపించదగినవాడు, ఆజ్ఞాపించడానికి అన్ని కారణాలూ ఉన్నవాడు, నాకు కూడా తలుపు తీసిపెట్టి అడిగాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఒక్కణ్ణే బావి దగ్గరికి పోయాను. ఆమె మెట్ల మీద ఉంది.

"అవ్వా" అన్నాను.

"నిన్నటిదాకా ముసలిదాన్ని. ఈపొద్దు అవ్వనైతినా? ఏంది సంగతి?"

"మిగతాది తెచ్చినాను."

ఆమెకు వెంటనే అర్థమైంది. "యాడ పెట్టుకోని ఉండావు ఇన్నాళ్ళు?" అంది.

పై మెట్టు మీద కూర్చొని చెప్పాను. మీకు ఇబ్బంది లేకపోతేనే అన్నాడని, మీరు వాడుకోగా మిగిలితేనే అన్నాడని, మీ మేలు మరవనన్నాడని. ఇరవై రెండు రోజులు ఇవే మాటలన్నాడని. నిన్న నారు చూసి, ఇది చూసి నాకు చాలా బాధగా ఉందన్నాడని. ఎండ వల్ల అని చెప్పింది నేనని. ఆమె చంకలోని కడవను మెల్లగా కింద పెట్టింది.

"సగం నారు పోయినాక తెచ్చినావు మాటలు" అంది.

బావిలో ఎక్కడో ఊట బొట్లు బొట్లుగా పడుతోంది.

"అయితే వద్దని చెప్పొచ్చునా?" అంది కొంతసేపటికి.

"చెప్పొచ్చవ్వా."

"కొట్టరా?"

"కొట్టరు."

"బాయి లాక్కోరా?"

"లాక్కోరు."

"నీ మాట నమ్మేదెట్టా? ఈపొద్దు చెప్తా, చూస్తా."

దొర వచ్చాడు. టోపీ తీశాడు. రోజూ లాగే అడిగాడు. పాలెం జనం అక్కడక్కడ చేరి చూస్తున్నారు. "అమ్మా, మీకు ఇబ్బంది లేకపోతే, మీ నారుకు పోసుకోగా మిగిలితేనే, మాకు కొంచెం నీళ్ళు ఇస్తారా అని దొరగారు అడుగుతున్నారు" అన్నాను. ఆమెను "మీరు" అనడం నా జన్మలో అదే మొదటిసారి. ఆమెను ఎవరైనా అట్లా అనడం కూడా అదే మొదటిసారి అయి ఉంటుంది. పాలెం ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆమె రెండు చేతులూ కొంగులో పెట్టుకుంది.

"మిగల్లేదు. ఈపొద్దు ఇయ్యను" అంది.

నేను దొరకు చెప్పాను. అక్షరం వదలకుండా చెప్పాను. ఆయన "ఆఫ్ కోర్స్" అని, అది చాలా న్యాయమైన సంగతి అన్నట్టు తల ఊపి, టోపీ పెట్టుకొని కట్ట వైపు నడిచాడు. ఆమె ఆయన తుమ్మ చెట్ల మలుపు తిరిగేదాకా చూసింది.

"పోయినాడే" అంది.

"పోయినాడు."

"కోపం లేదే."

"లేదు."

ఆమె మెట్టు మీద కూలబడి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆమెను చూసి పాలెం అంతా నవ్వింది. నేను నవ్వవచ్చునో లేదో తెలియక నిలబడితే, "నువ్వేంది దిష్టిబొమ్మ మాదిరి? కడవ ఎత్తు" అంది.

ఆ రోజు నుంచి డేరాలకు నీళ్ళు రెండు మైళ్ళ అవతల వాగు చెలమల నుంచి ఎద్దు మీద తోలు తిత్తుల్లో వచ్చాయి. వంటవాడు ఆ నీళ్ళలో ఇసుక ఉందని వాగు మీద, ఎద్దు మీద, నా మీద సమానంగా సణిగేవాడు. నేను రోజూ తెల్లవారుజామునే లేచి అవ్వ నారుకు నీళ్ళు మోసేవాణ్ణి. "ఒరే, ఎత్తు", "ఒరే, ఆ మూలకి పొయ్యి", "ఒరే, మెల్లంగ, మొలక పడిపోతుండాది." మా నాయన జీవితమంతా విన్న మాటలే అవి. ఆమె నోట విన్నప్పుడు నాకు బరువు అనిపించలేదు. పడిపోయిన సగం లేవలేదు. పచ్చగా ఉన్న సగం మాత్రం నిలిచింది. దాన్ని పీకి నాటిన రోజు నేనూ మడిలో దిగాను. ఏడాది పాటు ఇద్దరి కడుపుకు రాకపోయినా, ఒక ముసలమ్మ కడుపుకు, మళ్ళీ ఒక కుండ విత్తనానికి సరిపోతుందని ఆమె అంచనా.

నాట్లు అయిన నాలుగో రోజు డేరా ముందు రెండు కడవల నీళ్ళు కనిపించాయి. ఎవరూ అడగలేదు. ఆ మర్నాడూ కనిపించాయి. పోయి అవ్వను అడిగితే, "మిగిలినాయి. మిగిలితే ఇమ్మన్నాడు గదా" అంది.

అప్పటి నుంచి వంటవాడి పొయ్యి దగ్గరే నా బడి. పుస్తకం లేదు. దొర అన్న మాటలను నేను తెచ్చేవాణ్ణి, అతను ఒక్కొక్కటి విప్పేవాడు. అర్థం కాకపోతే అర్థం కాలేదనేవాణ్ణి. మొదట్లో ఆ మాట గొంతులో అడ్డం పడేది. తరువాత అలవాటైంది. ఇప్పుడు ఆత్మకూరులో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేటప్పుడు నదుల పేర్లకంటే ముందు ఆ మాటే నేర్పుతాను.

చెరువుల కొలత ముగిసి డేరాలు ఎత్తే రోజు దొర ఆఖరిసారి బావి దగ్గర ఆగాడు. రాగి చేను మోకాలెత్తు ఉంది. ఆయన ఆమె ముందు నిలబడి, టోపీ తీసి, "థ్యాంక్ యూ" అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు.

ఆమె నా వైపు చూసింది. ఆ రెండు మాటలకు మన పాలెంలో సరిపడ్డ మాట నాకు దొరకలేదు. ఒకరి ఇంట్లో తిన్నా, ఒకరి నీళ్ళు తాగినా మనం నోటితో ఏమీ అనం కదా. అందుకని చెప్పడం మొదలుపెట్టాను. మీ నీళ్ళు తాగి ఇన్ని దినాలు బతికినాం, మీరు మిగుల్చుకోకుండా ఇచ్చినారు, మీ నారు మా వల్ల పోయింది, అది ఎప్పటికీ మరిచిపోము, మీరు మనసులో పెట్టుకోకుండా మళ్ళీ ఇచ్చినారు, మీ చేను బాగా పండాల, మీ కుండ నిండాల. నారు మాట దగ్గర నేను దొరను మరిచి ఆమె వైపే తిరిగిపోయాను. దొర ఏమీ అర్థం కాకపోయినా ఓపికగా నిలబడ్డాడు.

అవ్వ అంతా విని, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆయన బెత్తెడు చెప్పినాడు. నువ్వు బారెడు చెప్తుండావు. మళ్ళా ఏంది మోసం?"

"మోసం కాదవ్వా. సగం ఆయనది. సగం నాది."

"నీది యాడ మొదలైందో తెలిసిందిలే" అని, ఆమె కడవ ముంచి తెచ్చి, మొదట దొరకు పోసింది, తరువాత నా దోసిట్లో పోసింది.